హెడ్‌లైట్లు వేసినా రోడ్డు ఆనట్లేదు, ఎల్ఈడీ వేయించమంటారా?

ప్రశ్న: అన్నా, మాది పొదిలి. ఉద్యోగం ఒంగోల్లో. డ్యూటీ దిగి బయల్దేరేసరికి రాత్రి ఎనిమిది దాటిద్ది, చీమకుర్తి మీదుగా ఒక్కదాన్నే నా కారులో వస్తా. బండి 2013 మోడల్ వ్యాగనార్, ఇంతవరకు ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఏడాది నుంచి హెడ్‌లైట్లు వేసినా వేయనట్టే ఉంటన్నాయి, ఎడమది మరీ డల్లు, పైగా పోయిన వానలప్పటి నుంచి దాని లోపల చెమ్మ పట్టి ఉంటంది. అద్దాలు రెండూ పసుపచ్చగా అయిపోయినయ్. షాపులో ఒకతను వంద వాట్ల బల్బులు వేస్తానన్నాడు, ఇంకొకతను డూములు, అంటే లైటు సెట్టులు, రెండూ మార్చాలన్నాడు, మావారేమో ఆన్‌లైన్లో ఎల్ఈడీ బల్బులు తెప్పిస్తానంటన్నారు. ఎదురొచ్చే లారీల లైట్లకి నాకు రెండు క్షణాలు ఏమీ కనపడట్లేదు, భయమేస్తంది. ముందు ఏం చేయించమంటారు? ఎంత అయిద్ది?

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఆయనకి చెప్పు, ఆ ఎల్ఈడీ బల్బుల ఆర్డరు పెట్టొద్దని. షాపులో వంద వాట్ల బల్బు కూడా వద్దు. నువ్వు రాసిందాన్ని బట్టి చూస్తే నీ బండిలో వెలుగు పుట్టక కాదు ఇబ్బంది, పుట్టిన వెలుగు బయటికి రావట్లేదు, వచ్చింది కూడా రోడ్డు మీద పడట్లేదు. ఆ రెండూ సరిచేయకుండా పెద్ద బల్బు వేస్తే నీకు కనపడేది పెద్దగా పెరగదు, ఎదురొచ్చేవాడి కళ్ళు మాత్రం పోతాయి.

అద్దాల సంగతి ముందు చెప్తా, ఎందుకంటే నీ బాధలో సగం పైన అక్కడే ఉంది. అవి పేరుకి అద్దాలే గాని గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కు, కొత్తగా వచ్చినప్పుడు దాని మీద ఎండ తగలకుండా పల్చటి యూవీ కోటింగు ఉంటది. మన ఎండల సంగతి నీకు చెప్పేదేముంది, పొద్దస్తమానం ఒంగోల్లో ఆఫీసు బయట ఎండలో నిలబెడితే ఆ కోటింగు కొన్నేళ్ళకి ఎగిరిపోయిద్ది, ఆ తర్వాత ప్లాస్టిక్కే పసుపుబారి పైన సన్నగా పగుళ్ళిచ్చిద్ది. దానికి తోడు నువ్వొచ్చేది చీమకుర్తి రోడ్డు. గ్రానైటు లోడు లారీలు, టిప్పర్లు, వాటి వెనకాల లేచే రాతి పొడి, ఆ పొడి ప్లాస్టిక్కు కంటే గట్టిది, పొద్దున్నే పొడి గుడ్డ తీసుకుని తుడిచామంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కాబట్టి ఇకనించి లైట్ల మీద ముందు నీళ్ళు పోసి దుమ్ము జారిపోయాకే మెత్తటి తడిగుడ్డతో తుడువు.

అద్దం మసకబారితే రెండు నష్టాలు. ఒకటి, వెలుగు తగ్గిపోయిద్ది, అది అందరికీ తెలిసిందే. రెండోది చాలామంది పట్టించుకోరు, ఆ మసక వెలుగుని చెదరగొట్టిద్ది, రోడ్డు మీదకి వంగాల్సిన వెలుగు పైకీ పక్కలకీ పోయి ఎదుటోళ్ళ కళ్ళల్లో పడిద్ది. అంటే నీకేమో కనపడదు, ఎదుటివాడికేమో గుచ్చుకుంటది. ఇప్పుడు ఆ మసకద్దం వెనకాల వంద వాట్లు పెడితే ఏమయ్యిద్దో ఆలోచించు.

పరీక్ష ఏందంటే, పగటిపూట లైటు ఆర్పి డూముకి ఎదురుగా వంగి చూడు, లోపల బల్బూ వెనక వెండిరంగు రిఫ్లెక్టరూ శుభ్రంగా కనపడాలి. పొగ మంచు వెనకాల ఉన్నట్టుంటే పాలిషు చేయించాల్సిందే. వేలితో తడిమి చూస్తే పైన గరుకు తగిలితే మంచిదే, పాడు బయట ఉన్నట్టు, అది పోయిద్ది. పైన నున్నగా ఉండి లోపలి వైపు మసకుంటేనో, రిఫ్లెక్టరు వెండి లేచి నల్లబడి ఉంటేనో పాలిషుతో పని జరగదు, అప్పుడు మాత్రం డూము మార్చాలన్నతను చెప్పింది నిజం.

పాలిషు అంటే టూత్‌పేస్టు రుద్దడం కాదు. ఫోన్లో వీడియోలు చూసి చాలామంది అదే చేస్తన్నారు, నాలుగు రోజులు తెల్లగా మెరిసి మళ్ళీ మొదటికొస్తది. సరైన పద్ధతి పెయింటింగు షాపులో చేస్తారు, చుట్టూ బాడీ రంగుకి మాస్కింగ్ టేపు వేసి, నీళ్ళు పోస్తా వాటర్ పేపరుతో రుద్దుతారు, ముందు 800 గాని 1000 గాని నంబరు, తర్వాత 1500, తర్వాత 2000, కుదిరితే 3000 దాకా. మొదటి పేపరు పడగానే అద్దం పాలలాగా తెల్లబడిద్ది, అది చూసి కంగారు పడొద్దు, పసుపు పోయిందాకా రుద్దాల్సింది ఆ దశలోనే. తర్వాత కాంపౌండు పెట్టి మిషన్తో బఫింగు కొడితే తేటగా వచ్చిద్ది. ఇక్కడే అసలు కిటుకుంది, చాలా షాపుల్లో ఇంతటితో ఆపేసి డబ్బులు తీసుకుంటారు. నువ్వు రుద్దించింది పసుపునే కాదు, మిగిలిన కొద్దిపాటి యూవీ కోటింగుని కూడా, ఇప్పుడా ప్లాస్టిక్కు బట్టల్లేకుండా ఎండలో నిలబడ్డట్టు, కొన్ని నెలలకే ఇంతకంటే పచ్చబడిద్ది. కాబట్టి పని మొదలెట్టక ముందే అడుగు, ఆఖర్న స్పిరిటుతో తుడిచి యూవీ తట్టుకునే క్లియర్ కోటు కొడతావా లేదా అని. కొడతానంటేనే చేయించు. కొట్టాక ఒక రోజు నీళ్ళు తగలనీకు. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి కారు వ్యాక్సు పల్చగా రాసుకుంటే ఇంకా బాగా నిలబడిద్ది, సాధ్యమైనంత వరకు బండి మూతి నీడ వైపు పెట్టి ఆపు.

ఇక ఎడమ లైటు. ఇది వేరే జబ్బు, దీన్ని అద్దంతో కలిపి చూడకూడదు. వాన పడ్డప్పుడో కడిగినప్పుడో డూము లోపల పల్చగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది మామూలే, డూముకి గాలి ఆడటానికి కంపెనీ వాళ్ళే సన్న రంధ్రాలు పెడతారు. నీకు వానలు పోయినా చెమ్మ పోలేదంటే నీళ్ళు ఎక్కడి నుంచో దిగతన్నాయి. బోనెట్టు ఎత్తి డూము వెనక్కి చూడు, బల్బు చుట్టూ నల్లటి రబ్బరు టోపీ ఉంటది. పదికి ఎనిమిది బండ్లలో నేను చూసే తప్పు ఇదే, ఎవరో బల్బు మార్చినప్పుడు ఆ రబ్బరు సగం తొడిగి వదిలేస్తారు, లేకపోతే చిరిగిందని తీసి పారేస్తారు. మనకి వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో రోజుల తరబడి కొట్టే వాన, ఆ కాస్త సందులోంచి దూరిపోయిద్ది. రబ్బరు బాగుంటే డూము అంచుల్లో పగులేమన్నా ఉందేమో చూడాలి. ఒకటి గుర్తుపెట్టుకో, కొంతమంది సిలికాన్ తీసుకుని కనపడ్డ రంధ్రమల్లా మూసేస్తారు, గాలాడే రంధ్రం మూస్తే లోపలున్న చెమ్మ లోపలే ఉండిపోయి రిఫ్లెక్టరు వెండిని తినేసిద్ది. బల్బు తీసి, రబ్బరు తీసి, ఒక పూట ఎండలో పెట్టి పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కొత్త రబ్బరు తొడగండి.

చెమ్మ ఆరినా ఎడమది డల్లుగానే ఉంటే అది కరెంటు సమస్య. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పో, మల్టీమీటరు ఉన్నతని దగ్గరికే పో, టెస్టు ల్యాంపు పెట్టి వెలిగింది కదమ్మా అనేవాడు వద్దు. ఇంజను స్టార్ట్ చేసి లైట్లు వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడమను, 13.8 నుంచి 14.4 మధ్యన ఉండాలి. తర్వాత బల్బు వెలుగుతా ఉండగానే దాని కప్లర్ (బల్బు వెనక తగిలించే వైర్ల ప్లగ్గు) దగ్గర చూడమను, అక్కడ అర వోల్టుకి మించి తేడా ఉండకూడదు. హ్యాలోజన్ బల్బు గుణం ఏందంటే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం తగ్గదు, ముప్పై శాతం దాకా పడిపోయిద్ది. అందుకే ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టు యాడో పోతన్నా నీకు లైటు సగం చచ్చినట్టు కనపడిద్ది. అది పొయ్యేది చాలాసార్లు ఎర్త్ దగ్గర, బాడీకి నట్టుతో బిగించిన ఎర్త్ వైరు కింద తుప్పు పట్టి ఉంటది. కొత్తపట్నం, రామాయపట్నం, ఇటు మైపాడు, కృష్ణపట్నం వైపు బండ్లకైతే ఉప్పుగాలికి ఇది తప్పదు, నీకు పొదిలిలో అంత ఉండకపోయినా పదేళ్ళు దాటిన బండి కదా. ఆ నట్టు విప్పి గీకి శుభ్రం చేసి మళ్ళీ బిగించి కాస్త గ్రీజు రాస్తే చాలు. ఇంత చిన్న పని చేయకుండా వేలు పోసి డూములు మార్చినోళ్ళు ఉన్నారు, మార్చాక కూడా ఎడమది డల్లే.

బల్బు విషయానికొస్తే, నీ వ్యాగనార్‌కి వచ్చేది హెచ్4 బల్బు, 60/55 వాట్లు, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, 60 హైబీముకి, 55 లోబీముకి. హ్యాలోజన్ మాడిపోయిందాకా ఒకేలా వెలగదు, వాడేకొద్దీ వెలుగు తగ్గతా వస్తది, రోజూ రాత్రి తిరిగే బండి కాబట్టి ఇప్పుడెటూ డూము విప్పతారు గనక మంచి కంపెనీవి రెండూ ఒకేసారి కొత్తవి వేసెయ్. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే రోడ్డు ఒక పక్క తెల్లగా ఒక పక్క చీకటిగా ఉండి కన్ను మోసపోయిద్ది. మార్చడం నువ్వే చేసుకోవచ్చు, లైటు ఆర్పి చల్లారనిచ్చి, వెనకాల మూడు పిన్నుల కప్లర్ లాగి, రబ్బరు తీసి, స్ప్రింగు క్లిప్పు నొక్కి పక్కకి తప్పిస్తే బల్బు బయటికి వచ్చిద్ది. బల్బు అంచుకి మూడు చెవులుంటాయి, వెడల్పు చెవి పైకి వచ్చేటట్టు కూర్చోవాలి, కూర్చోకుండా క్లిప్పు బిగిస్తే వెలుగు ఎటో పోయిద్ది. గాజుని మాత్రం వేళ్ళతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటుకున్న చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోయిద్ది, పొరపాటున తగిలితే స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి ఆరాక పెట్టు. రెండు మూడు నెలలకోసారి బల్బు పోతా ఉంటే మాత్రం బల్బుని తిట్టొద్దు, ఛార్జింగు 14.8 దాటి కొడతందేమో చూపించాలి.

షాపతను చెప్పిన ఆ వంద వాట్ల (100/90) బల్బు ఎందుకొద్దంటన్నానంటే, 55 వాట్లకి నాలుగున్నర ఆంపియర్లు లాగే చోట 90 వాట్లకి ఏడున్నర లాగిద్ది. కంపెనీ వేసిన వైరూ, హోల్డరూ, స్టీరింగు పక్క స్విచ్చూ దానికి చేసినవి కావు. హోల్డరు కరిగి, వైరు మీద ప్లాస్టిక్కు ముదిరి, రిఫ్లెక్టరు వేడికి మాడి నల్లబడి, ఆర్నెల్లకి నువ్వు నిజంగానే డూము కొనాల్సి వచ్చిద్ది. రిలే, అంటే బ్యాటరీ నుంచి నేరుగా లైటుకి కరెంటిచ్చే స్విచ్చు, పెట్టి వేరే వైరింగు కిట్టు వేస్తానంటారు, దానివల్ల వైరు కాలకుండా ఆగిద్దేమో గానీ డూము వేడి ఆగదు, ఎదుటోళ్ళకి గుచ్చుకోవడమూ ఆగదు. నీ 60/55 బల్బుకే రిలే కిట్టు వేయిస్తానంటే మాత్రం మంచి పనే, పాత బండికి పూర్తి వోల్టేజీ అందిద్ది.

ఎల్ఈడీ గురించి కాస్త ఓపిగ్గా చదువు, మీ ఆయన చేత కూడా చదివించు. హెచ్4 బల్బులో లోబీము ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఉంటది. ఆ గిన్నె కిందికి పోయే వెలుగుని ఆపేసిద్ది, అందుకే లోబీములో రిఫ్లెక్టరు పై సగమే పనిచేసి వెలుగు కిందికి వంగి రోడ్డు మీద పడిద్ది, ఒక గీత గీసినట్టు పైన చీకటి, కింద వెలుగు. ఆ రిఫ్లెక్టరు వంపులన్నీ ఆ సన్నటి ఫిలమెంటు ఎక్కడుందో లెక్కగట్టి చేసినవి. ఆన్‌లైన్లో వచ్చే ఎల్ఈడీ బల్బులో చిప్పులు రెండు పక్కలా పలకల మీద అతికించి ఉంటాయి, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఆ గీత చెడిపోయిద్ది. అప్పుడేమయ్యిద్దంటే బండి ముందు పది అడుగులు తెల్లగా పట్టపగల్లా వెలిగి, అబ్బ ఎంత బాగుంది అనిపించిద్ది, నీ కన్ను ఆ దగ్గరి వెలుగుకి అలవాటు పడి దూరంలో ఉన్నది ఇంకా తక్కువ కనపడిద్ది. మిగతా వెలుగంతా పైకి పోయి ఎదురొచ్చే బైకు మీద, ముందు బిడ్డనీ వెనక పెళ్ళాన్నీ కూర్చోబెట్టుకుని ఇంటికి పోయే మనిషి కళ్ళల్లో పడిద్ది. ఆ రోడ్డు మీద రాత్రిపూట రేడియం స్టిక్కరు కూడా లేని ట్రాక్టరు ట్రక్కులు ఆగి ఉంటాయి, గేదెలు అడ్డం వస్తాయి, అతనికి ఆ రెండు క్షణాలు కళ్ళు కనపడకపోతే ఏం జరుగుద్దో నీకు తెలుసు, ఎందుకంటే ఇప్పుడు నీకు జరుగుతున్నదీ అదే. కంపెనీ నుంచే ఎల్ఈడీతో వచ్చిన బండ్లు వేరు, వాటి డూము మొత్తం ఆ చిప్పుకి తగ్గట్టు చేసింది, నేనంటుంది హ్యాలోజన్ డూములో ఎల్ఈడీ బల్బు దూర్చడం గురించి.

చట్టం కూడా ఇదే చెప్తది. 1989 సెంట్రల్ మోటారు వెహికల్స్ రూల్సులో 106వ రూలు ఉంది, బండి ముందు 8 మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తులో కన్ను ఉన్న మనిషికి గుచ్చుకోకుండా లైటు కిందికి వంచి ఉండాలని. ఫైను సంగతి పక్కన పెట్టు, ఆ ఎత్తు సుమారుగా బైకు మీద కూర్చున్న మనిషి కన్నుండే ఎత్తు.

ఇక ఎవరూ చేయించని పని, లైటు సెట్టింగు. పాలిషు, బల్బు, ఎర్త్ అయ్యాక ఇది తప్పకుండా చేయించు, ఇంట్లోనే చేసుకోవచ్చు కూడా. చదునుగా ఉండే నేల, ఎదురుగా గోడ, స్కూలు కాంపౌండు గోడైనా రైసు మిల్లు గోడైనా సరే. టైర్లలో గాలి సరిచేసి, డ్రైవింగు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, లైటు గోడకి 10 మీటర్ల దూరంలో ఉండేటట్టు బండి నిలబెట్టు. డూము మధ్యలో బల్బు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో గీత గియ్. లోబీము వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకి సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి. 5 మీటర్లే జాగా ఉంటే 5 సెంటీమీటర్లు. అంచు ఎడమ వైపు కాస్త పైకి ఎత్తుకుని ఉంటది, అది తప్పు కాదు, మనం ఎడమ పక్క నడుపుతాం గనక మార్జిన్లో నడిచేవాళ్ళు కనపడాలని అట్టా చేస్తారు. డూము వెనక మరలుంటాయి, స్క్రూడ్రైవరుతో తిప్పితే పైకీ కిందికీ పక్కలకీ కదిలిద్ది. డూము మార్చాల్సి వస్తే కూడా ఇది గుర్తుపెట్టుకో, ఆన్‌లైన్లో చవగ్గా దొరికే కొన్ని డూములు కుడి పక్క నడిపే దేశాల కోసం చేసినవి, వాటి వెలుగు కుడి వైపు పైకి ఎత్తి సరిగ్గా ఎదురొచ్చేవాళ్ళకే కొట్టిద్ది.

స్టీరింగు దగ్గర 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటే చూడు, కొన్ని మోడళ్ళకే ఉంటది. ఒక్కదానివే ఉన్నప్పుడు 0 మీద ఉంచు. ఇంటిల్లిపాదీ ఎక్కి వెనకాల బియ్యం బస్తాలు వేసినప్పుడు వెనక భాగం కిందికి దిగి మూతి పైకి లేస్తది, అప్పుడు 2 గాని 3 గాని పెడితే లైటు కిందికి వంగిద్ది. సెట్టింగు చేసేటప్పుడు 0 మీదే పెట్టి చేయాలి.

లారీల లైట్లకి కళ్ళు చెదరడం గురించి కూడా అడిగావు. ముందు విండ్‌షీల్డు లోపలి వైపు తుడువు, బయట తుడుస్తాం గానీ లోపల డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు వేడికి ఆవిరై జిడ్డు పొర పడతా ఉంటది, ఎదురు లైటు పడగానే అద్దమంతా తెల్లబడేది దానివల్లే. వైపరు రబ్బర్లు గీతలు పెడతంటే మార్చు. వెనక బండి వెలుగు మిర్రరులో కొడతంటే మిర్రరు కింద చిన్న మీట ఉంటది, అది తిప్పితే డిమ్ అయిద్ది. ఎదురు లైటు మీదపడ్డప్పుడు దాని వంక చూడకుండా ఎడమ పక్క రోడ్డు అంచు తెల్ల గీత పట్టుకుని పో, స్పీడు తగ్గించు. ఇవన్నీ చేసినా అట్టాగే ఉంటే ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకో, సైటు కొంచెం మారినా మొదట తెలిసేది రాత్రి డ్రైవింగులోనే.

స్పీడు మాట ఎత్తాను కాబట్టి ఒక లెక్క చెప్తా. 80లో పోతంటే బండి సెకనుకి 22 మీటర్లు పోయిద్ది, చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపు ముప్పై మీటర్ల పైన, ఆగడానికి ఇంకో 35, మొత్తం 70 మీటర్లు. హ్యాలోజన్ లోబీములో నల్ల చొక్కా వేసుకుని నడిచే మనిషి కనపడేది 40, 50 మీటర్ల దగ్గర. 60లో పోతే 45 మీటర్లలో ఆగొచ్చు. లైట్లు ఎంత బాగు చేయించినా ఎదురు బండ్లు ఉండి లోబీములోనే నడపాల్సి వచ్చినప్పుడు 60 దాటొద్దు. రోడ్డు ఖాళీగా ఉంటే హైబీము వేసుకో, ఎవరన్నా కనపడగానే తగ్గించు.

డబ్బుల మాటకొస్తే, రెండు బల్బులు కొన్ని వందల్లో పోతాయి, రబ్బరు టోపీ, ఎర్త్ పని అంతకంటే తక్కువ, పాలిషు క్లియర్ కోటుతో కలిపి షాపుని బట్టి వెయ్యి అటూ ఇటూ. డూములు మార్చడమంటే వేలల్లో మాట, అది ఆఖరుకి. వరస మాత్రం తప్పొద్దు: ముందు రబ్బరూ చెమ్మా, తర్వాత ఎర్తూ వోల్టేజీ, తర్వాత పాలిషు, బల్బులు, అన్నీ అయ్యాకే గోడ దగ్గర సెట్టింగు.

ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టినప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత చూపించిందో, ఎడమ కప్లర్ దగ్గర ఎంత చూపించిందో, కుడి కప్లర్ దగ్గర ఎంతో మూడూ ఒక కాగితం మీద రాసుకుని నాకు పంపించు, ఎడమ పక్క వైరింగు కదిలించాల్నా వద్దా అనేది అవి చూసి చెప్తా.